వెయ్యి ఇళ్ల నెట్‌వర్క్: విజయవాడ, గుంటూరుల్లో చిన్న ఇంటర్నెట్ సంస్థ వేసుకోవలసిన లెక్కలు

కొత్తగా ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే సంస్థ పెట్టాలనుకునేవారి అంచనా పట్టికలో మొదటి పద్దు తరచుగా సర్వర్లదే అవుతుంది. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఏ కంపెనీ బాక్సు అన్న చర్చ వారాల తరబడి సాగుతుంది. ఫైబర్ ఏ స్తంభాల మీదుగా, ఏ వంతెన దాటి వస్తుందన్న ప్రశ్న మాత్రం చివరి పేజీకి జారిపోతుంది. వెయ్యి ఇళ్లతో మొదలయ్యే సంస్థకు ఈ వరుస తలకిందులుగా ఉంటేనే మేలు. వెయ్యిమంది చందాదారుల లాగిన్లు సరిచూడడం, డీఎన్ఎస్ (సైటు పేరును అంకెల చిరునామాగా, అంటే ఐపీ అడ్రసుగా, మార్చి చెప్పే సేవ) నడపడం, బిల్లులు వేయడం, ఈ మూడింటికీ కలిపి నేడు దొరికే ఒక మోస్తరు సర్వర్ సరిపోతుంది. డబ్బూ ఆలోచనా ఎక్కువగా కోరేవి దారులు, కాంతి నష్టం, ఐపీ అడ్రసులు, లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏ అడ్రసు వాడారన్న రికార్డులు), కరెంటు. వీటిలో ఒక్కోదాన్నీ “ఇది చెడితే ఎన్ని ఇళ్లకు నెట్ పోతుంది, ఎంతసేపు పోతుంది” అనే ఒకే కొలతతో కొలిస్తే, ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ చెయ్యి బిగించాలో దానంతట అదే తేలుతుంది.

అనుమతుల సంగతి క్లుప్తంగా చూద్దాం. యూనిఫైడ్ లైసెన్స్ కింద ఇంటర్నెట్ సేవలకు ఎ, బి, సి అనే మూడు తరగతులున్నాయి. ఎ దేశమంతటికీ, బి ఒక టెలికాం సర్కిల్‌కూ, సి ఒక సెకండరీ స్విచింగ్ ఏరియాకూ (దాదాపు ఒక జిల్లా అంత టెలికాం ప్రాంతానికి) వర్తిస్తాయి. విజయవాడ, గుంటూరు వేర్వేరు స్విచింగ్ ఏరియాలు కనుక, సి తరగతితో మొదలుపెట్టిన విజయవాడ సంస్థ కృష్ణ దాటి గుంటూరులో కనెక్షన్ ఇవ్వాలంటే అక్కడికి మరో అనుమతి కావాలి. టెలికమ్యూనికేషన్స్ చట్టం–2023 కింద అనుమతుల విధానం మారుతున్నందున, దరఖాస్తు పెట్టేనాటికి అమల్లో ఉన్న నిబంధనలనే చదువుకోవాలి. ఫైబర్ వేసే హక్కుకు 2025 జనవరి 1 నుంచి రైట్ ఆఫ్ వే నియమాలు–2024 వర్తిస్తున్నాయి. కరెంటు స్తంభాలు వాడుకోవాలంటే సెంట్రల్ డిస్కం సమ్మతి, రోడ్డు తవ్వాలంటే నగరపాలక సంస్థ సమ్మతి తప్పనిసరి. ఇప్పటికే వీధుల్లో కేబుల్ టీవీ నడుపుతున్న ఆపరేటర్‌తో ఒప్పందం కుదిరితే ఈ శ్రమ చాలావరకు తగ్గుతుంది. అయితే ఆ ఫైబర్ ఎవరిది, తెగితే ఎవరు ఎన్ని గంటల్లో కలపాలి అన్నవి ఆ ఒప్పందంలో కాగితం మీదికి రావాలి.

ఇక దారి విషయం. విజయవాడకు ఉన్న పెద్ద అనుకూలత అది కూడలి కావడమే. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి 16, హైదరాబాద్ వైపు వెళ్లే జాతీయ రహదారి 65 ఇక్కడ కలుస్తాయి. సుదూర ఫైబర్లు కూడా ఎక్కువగా రోడ్లనూ రైలు పట్టాలనూ అనుసరించే పరుగెడతాయి. హైదరాబాద్‌కు రోడ్డు మార్గం దాదాపు 275 కిలోమీటర్లు, చెన్నైకి దాదాపు 450. ఫైబర్‌లో కాంతి ఒక మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది కాబట్టి హైదరాబాద్‌కు రానుపోను దాదాపు 3 మిల్లీసెకన్లు, చెన్నైకి నాలుగున్నర పడుతుంది. ఆటలాడే కుర్రవాడికైనా ఈ తేడా తెలియదు. అందువల్ల అప్‌స్ట్రీమ్ లింకులు (పెద్ద సంస్థల నుంచి మనం ఇంటర్నెట్ కొనే లింకులు) రెండు తీసుకునేటప్పుడు ఒకటి హైదరాబాద్ వైపు, ఒకటి చెన్నై వైపు పోయేలా చూసుకోవడంలో నష్టమేమీ లేదు, లాభం చాలా ఉంది. ఇద్దరు వేర్వేరు అమ్మకందారుల దగ్గర లింకులు కొన్నంత మాత్రాన రెండు దారులు ఉన్నట్టు కాదు. ఇద్దరూ మూడోవాడి దగ్గర ఒకే గొట్టంలోని ఫైబర్‌ను అద్దెకు తీసుకుని ఉండవచ్చు. దారి పటం అడిగి తీసుకుని, రెండు పటాలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది.

గుంటూరుకు కూడా సేవ ఇవ్వాలనుకున్నప్పుడు ఈ పరీక్ష మరింత అవసరమవుతుంది. రెండు నగరాల మధ్య దూరం ముప్పై కిలోమీటర్లు పైమాటే, మధ్యలో కృష్ణ. నది దాటేందుకు ఉన్నవి ప్రకాశం బ్యారేజీ, కనకదుర్గ వారధి, రైలు వంతెనల వంటి కొన్నే తావులు. “రింగ్ వేశాం” (ఒక దారి తెగినా ఇంకో దారి ఉంది) అని చెప్పుకునే రెండు ఫైబర్లూ వారధి మీది ఒకే గొట్టంలో పడుకుని ఉంటే, ఒక్క మరమ్మతు పనితో గుంటూరు మొత్తం చీకటవుతుంది. రెండోదారి నది మీదుగా దొరకకపోతే దొరకలేదని ఒప్పుకుని, గుంటూరు పాప్‌కు (ఆ ఊరి నెట్‌వర్క్ యంత్రాలు ఉండే గదికి) చెన్నై వైపు నుంచి నేరుగా చిన్న అప్‌స్ట్రీమ్ లింకు ఒకటి తీసుకోవడం చౌక. అప్పుడు నది ఇవతలిదీ అవతలిదీ దేని కాళ్లమీద అది నిలబడుతుంది, వారధి మీది లింకు ఒకదానికొకటి సాయంగా పనికొస్తుంది.

బ్యాండ్‌విడ్త్ ఎంత కొనాలి? అమ్మే ప్లాన్ల వేగాలను కూడితే వెయ్యి ఇళ్లకు 100 ఎంబీపీఎస్ చొప్పున 100 జీబీపీఎస్ అవుతుంది. ఆ అంకెకు అర్థం లేదు. రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య ఇంటికి సగటున రెండున్నర ఎంబీపీఎస్ వాడకం అనుకుంటే వెయ్యి ఇళ్లకు రెండున్నర జీబీపీఎస్ చాలు. ఇది ప్రణాళిక కోసం పెట్టుకునే ఊహ మాత్రమే. మొదటి వంద కనెక్షన్ల గ్రాఫు చూశాక దాన్ని సవరించుకోవాలి. ఐపీఎల్ ఫైనల్ రాత్రి అందరూ ఒకే ప్రత్యక్ష ప్రసారం మీద పడతారు కనుక, మామూలు రోజు గరిష్ఠ వాడకం లింకు సామర్థ్యంలో 70 శాతం దాటిన నెలలోనే పెంపు గురించి ఆర్డర్ పెట్టడం క్షేమం. ఈ రద్దీలో పెద్ద వాటా వీడియోలది. గూగుల్, నెట్‌ఫ్లిక్స్, మెటా వంటి సంస్థలు తమ కాషే పెట్టెలను (ఎక్కువమంది చూసే వీడియోల నకళ్లు దాచే సర్వర్లను) పెద్ద రద్దీ ఉన్న నెట్‌వర్క్‌లలోనే పెడతాయి. వెయ్యి ఇళ్ల సంస్థ ఆ కాషేలను అప్‌స్ట్రీమ్ ద్వారా గానీ, హైదరాబాద్, చెన్నైలలోని ఎక్స్చేంజీల (నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి నేరుగా రద్దీ మార్చుకునే కేంద్రాల) ద్వారా గానీ అందుకోవాలి. 2003లో ఏర్పడిన ఎక్స్చేంజీ సంస్థ నిక్సీకి ఆ రెండు నగరాల్లోనూ కేంద్రాలున్నాయి. ధర మాట్లాడేటప్పుడు కాషే, పీరింగ్ (ఎక్స్చేంజీలో నేరుగా మార్చుకునే) రద్దీకి ఎంత, మిగతా ఇంటర్నెట్‌కు ఎంత అని విడివిడిగా అడగకపోతే, అన్నింటికీ ఎక్కువ ధరే పడుతుంది.

వీధిలోకి దిగితే అసలు లెక్క కాంతిది. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో పాప్‌లో ఉండే పెట్టె ఓఎల్‌టీ; దాని ఒక్కో పోర్టు ఇళ్ల వైపు 2.488 జీబీపీఎస్ ఇస్తుంది. 64 ఇళ్లకు పంచినా, ఇంటికి రెండున్నర ఎంబీపీఎస్ చొప్పున శిఖర సమయంలో 160 ఎంబీపీఎస్ దాటదు. కాబట్టి 32 ఇళ్లకు పంచాలా, 64కు పంచాలా అన్న ప్రశ్న వేగానికి సంబంధించినది కానేకాదు. బి ప్లస్ తరగతి ఆప్టిక్స్‌తో (కాంతిని పంపి అందుకునే భాగాలతో) ఓఎల్‌టీ నుంచి ఓఎన్‌యూ (ఇంట్లో ఫైబర్‌ను అందుకునే పెట్టె) వరకు భరించగల కాంతి నష్టం 28 డీబీ (డెసిబెల్లు, కాంతి ఎంత బలహీనపడిందో చెప్పే కొలత). గుంటూరు బ్రాడీపేటలో పాప్‌కు ఐదు కిలోమీటర్ల ఫైబర్ దూరంలో ఉన్న ఒక ఇంటిని తీసుకుందాం. కిలోమీటరుకు 0.35 చొప్పున ఫైబర్ నష్టం 1.75, 1:4 స్ప్లిటర్‌కు (ఒక ఫైబర్‌లోని కాంతిని నాలుగుగా పంచే భాగానికి) దాదాపు 7.2, దాని తర్వాత 1:16 స్ప్లిటర్‌కు దాదాపు 13.8, నాలుగు కనెక్టర్లకు 1.2, ఎనిమిది స్ప్లైసింగ్ అతుకులకు 0.8. మొత్తం 24.75. చేతిలో మిగిలేది మూడు డీబీ పైచిలుకు. రెండో స్ప్లిటర్ 1:8 అయితే దాని నష్టం 10.5 మాత్రమే కనుక ఆరున్నర డీబీ మిగులుతుంది.

ఈ మూడుకూ ఆరున్నరకూ మధ్య తేడా మొదటి రోజు కనిపించదు. వినాయక నిమజ్జనం ఊరేగింపులో ఎత్తయిన విగ్రహానికి అడ్డొచ్చిన తీగలను కోసేసినప్పుడో, మిర్చి సీజన్‌లో యార్డుకు పోయే లారీ బస్తాల ఎత్తుకు డ్రాప్ కేబుల్ (స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ) తెగినప్పుడో, లైన్‌మన్ రాత్రివేళ నిచ్చెన మీద నిలబడి హడావుడిగా వేసిన అతుకు ఒక్కోటి అర డీబీ మింగుతుంది. అలాంటివి ఏడు పడేసరికి 64 ఇళ్ల పోర్టు మీది దూరపు ఇంట్లో ఓఎన్‌యూ ఎర్రలైటు వేస్తుంది; 32 ఇళ్ల పోర్టు మీది ఇల్లు ఇంకా నడుస్తూనే ఉంటుంది. వెయ్యి ఇళ్లకు 64 చొప్పున అయితే 16 పోర్టుల ఓఎల్‌టీ ఒకటి, 32 చొప్పున అయితే రెండు కావాలి. రెండో పెట్టె ఖర్చు వృథా కాదు. ఒకటి కాలిపోయినా సగం ఊరు నిలబడుతుంది, పైగా రెండింటినీ చెరో పాప్‌లో పెట్టుకునే వీలుంటుంది. ప్రతి ఇంట్లో కనెక్షన్ ఇచ్చిన రోజే పవర్ మీటరు రీడింగు (ఇంటికి అందే కాంతి బలం) రాసిపెట్టుకోవడం మరవకూడదు. ఆరు నెలల తర్వాత మైనస్ 26 కనిపిస్తే, అది మొదటినుంచీ మైనస్ 25 ఉన్న ఇల్లా, మైనస్ 21 నుంచి జారిన ఇల్లా అన్నది ఆ పాత అంకె ఒక్కటే చెప్పగలదు. స్ప్లిటర్ పెట్టెలకు పేర్లు పెట్టడంలో బ్రాడీపేట వరం లాంటిది: అక్కడ చిరునామాలే 4/7 అన్నట్టు లైను, అడ్డరోడ్డు అంకెలతో ఉంటాయి కాబట్టి పెట్టె పేరు చదివితే లైన్‌మన్ కళ్లు మూసుకుని వెళ్లగలడు. విజయవాడ వన్‌టౌన్ సందులకు ఆ సౌకర్యం లేదు. అక్కడ స్తంభం నంబరుతోనే పని.

ఐపీ అడ్రసుల్లో కరువు పాతదే. పాత తరహా అడ్రసులైన ఐపీవీ4 ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఆసియా–పసిఫిక్ ప్రాంతంలో 2019 నుంచి కొత్త సంస్థకు గరిష్ఠంగా 512 అడ్రసులే ఇస్తున్నారు. మన దేశంలో ఆ పని చేసేది నిక్సీ నడిపే ఐఆర్ఐఎన్ఎన్. కనుక ఇళ్లకు ఈ పనికోసమే కేటాయించిన 100.64.0.0/10 శ్రేణి నుంచి లోపలి అడ్రసులిచ్చి, బయటికి క్యారియర్ గ్రేడ్ నాట్ (ఒకే బహిరంగ అడ్రసును చాలా ఇళ్లకు పంచే పెట్టె) ద్వారా పంపక తప్పదు. ఒక్కో బహిరంగ అడ్రసులో 65,536 పోర్టులు (ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే అంకెలు, ఓఎల్‌టీ పోర్టులు కావు) ఉంటాయి. మొదటి 1,024 పక్కన పెడితే 64,512. దీన్ని 32 ఇళ్లకు సమంగా పంచితే ఇంటికి 2,016 పోర్టులు వస్తాయి, వెయ్యి ఇళ్లకు 32 అడ్రసులు సరిపోతాయి. 64 ఇళ్లకు పంచితే ఇంటికి 1,008 మాత్రమే. నలుగురి ఫోన్లు, ఒక టీవీ, రెండు కెమెరాలు ఉన్న ఇంట్లో ఇవి చాలక కొన్ని యాప్‌లు ఉండుండి ఆగిపోతాయి, ఫిర్యాదు మాత్రం “నెట్ స్లో” అనే పేరుతో వస్తుంది. ఇలాంటి కొరత లేని కొత్త తరహా ఐపీవీ6 అడ్రసులు మొదటి రోజునుంచే ఇవ్వడానికి ఇదే గట్టి కారణం. సంస్థకు వచ్చే /32 అనే పెద్ద అడ్రసుల మూటలో ఇంటికి /56 అనే చిన్న మూట చొప్పున కోటీ అరవై లక్షలకు పైగా ఇళ్లకు సరిపోతుంది. పెద్ద వీడియో సైట్లన్నీ ఐపీవీ6 మీద పలుకుతాయి కనుక రద్దీలో పెద్ద భాగం నాట్ పెట్టెను తాకకుండానే పోతుంది. తరువాత చేద్దామని వాయిదా వేసిన చోట, రెండేళ్లకు వెయ్యి ఇళ్లలోని రౌటర్లను ఒక్కోటిగా మార్చుకుంటూ తిరగవలసి వస్తుంది.

సొంత ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో ఒక నెట్‌వర్క్‌ను గుర్తించే అంకె), సొంత అడ్రసులు ఉన్నప్పుడే రెండు అప్‌స్ట్రీమ్‌లకు బీజీపీ (నెట్‌వర్క్‌లు తమ దారులను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) నడపడంలో అర్థముంది. ప్రపంచపు పూర్తి రూటింగ్ పట్టికలో ఐపీవీ4 దారులే తొమ్మిది లక్షలకు పైగా ఉన్నాయి. వాటిని మోయగల రౌటరు ధర వేరు, ఇద్దరి దగ్గరా డిఫాల్ట్ రూటు (బయటికి పోయేదంతా ఇటు పంపు అనే ఒకే దారి) తీసుకుంటే సరిపోయే రౌటరు ధర వేరు. చిన్న సంస్థకు రెండోదే తగినది. ఒక అప్‌స్ట్రీమ్ నుంచి విన్న దారులను మరొకరికి వినిపించకుండా ఫిల్టర్లు పెట్టడం, సొంత అడ్రసులకు ఆర్‌పీకేఐ సంతకం (ఆ అడ్రసులు మనవేనన్న డిజిటల్ రుజువు) చేయించడం మాత్రం మొదటి రోజు పనులు.

ఇప్పుడు సర్వర్లు. ఎక్కువమంది చిన్న ఆపరేటర్లు పీపీపీవోఈ అనే లాగిన్ పద్ధతి మీదే నడుపుతారు: ఇంటి రౌటరు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పంపితే బీఎన్‌జీ (ఇళ్లన్నిటికీ ద్వారం లాంటి రౌటరు) దాన్ని రేడియస్ సర్వర్‌ను (లాగిన్లు సరిచూసే సర్వర్‌ను) అడిగి లోపలికి రానిస్తుంది. పీపీపీవోఈ ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తినడం వల్ల ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492కు పడుతుంది. బీఎన్‌జీలో ఎంఎస్ఎస్‌ను (ఒక ప్యాకెట్‌లో మోసే డేటా పరిమితిని) 1452కు కుదించకపోతే, అన్నీ తెరుచుకుని ఏదో ఒక బ్యాంకు సైటు మాత్రం తెరుచుకోని వింత ఫిర్యాదులు మొదలవుతాయి.

రేడియస్ సర్వర్ మామూలు రోజుల్లో దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. ఐదు నిమిషాలకోసారి వచ్చే, వాడకం లెక్క చెప్పే ఖాతా సందేశాలు వెయ్యి ఇళ్లకు సెకనుకు మూడున్నర కూడా ఉండవు. దాని అసలు పరీక్ష కరెంటు పోయి తిరిగి వచ్చిన క్షణాన జరుగుతుంది. ప్రాంతమంతటా కరెంటు ఒకేసారి వస్తే అన్ని ఇళ్ల ఓఎన్‌యూలూ ఒకటి రెండు నిమిషాల్లో లేచి గుంపుగా తలుపు తడతాయి. వెయ్యి ఇళ్లు ఒక నిమిషంలో వస్తే సెకనుకు 17 లాగిన్లు. ఒక్కో లాగిన్‌కు పాస్‌వర్డ్ చూడడం, ప్లాన్ చూడడం, ఇప్పటికే లాగిన్ అయి ఉన్నాడా అని లెక్కించడం, ఫలితం రాయడం, ఖాతా తెరవడం ఇలా ఆరు డేటాబేస్ పనులు వేసుకున్నా సెకనుకు వంద దాటుతాయి. పాత తరహా తిరిగే డిస్క్ మోయగలిగేది సుమారుగా అంతే. జవాబు ఆలస్యమైతే బీఎన్‌జీ ఆగదు, మళ్లీ అడుగుతుంది. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, ఒక్కో లాగిన్ రెండు మూడు ప్రశ్నలుగా మారి, సర్వర్ పూర్తిగా బిగుసుకుపోతుంది. దీనికి మందు ఎక్కువ కోర్లు కొనడం కాదు. డేటాబేస్‌ను ఎస్ఎస్‌డీ మీద పెట్టడం, ఖాతాల పట్టికలో పాత నెలలను విడిగా తీసి ఉంచడం, ఇండెక్స్‌లు సరిగా వేయడం.

బీఎన్‌జీ స్వయంగా రీబూట్ అయినప్పుడు మరో చిక్కు వస్తుంది. అది ముగింపు సందేశాలు పంపకుండానే పడిపోతుంది కనుక రేడియస్ పుస్తకంలో వెయ్యిమందీ ఇంకా లోపలే ఉన్నట్టు ఉంటుంది. ఒక యూజర్‌కు ఒకే లాగిన్ అన్న నియమం పెట్టి ఉంటే, తిరిగి వచ్చిన ప్రతివాడినీ “నువ్వు ఇప్పటికే లోపల ఉన్నావు” అని సర్వర్ గెంటేస్తుంది. బీఎన్‌జీ లేవగానే పంపే ఖాతా ప్రారంభ సందేశాన్ని అందుకుని పాత ఖాతాలన్నీ మూసేసేలా, మూడు విడతలు కబురు లేని ఖాతాను దానంతట అదే కొట్టివేసేలా ముందే అమర్చి ఉండాలి. ఇది తెలియని చోట అర్ధరాత్రి ఎవరో ఒకరు డేటాబేస్ తెరిచి పట్టికను చేత్తో తుడుస్తూ కూర్చుంటారు.

లాగ్‌లు నిల్వ చేయడం చిన్న సంస్థలు తక్కువగా అంచనా వేసే ఖర్చు. 2021 డిసెంబరులో లైసెన్సు షరతులను సవరించి వాడకం రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలన్నారు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్–ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాలు వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు ఉంచాలనీ, సైబర్ ఘటనలను ఆరు గంటల్లో తెలియజేయాలనీ, గడియారాలను ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలపాలనీ చెబుతున్నాయి. ఇంటికి రోజుకు 30 వేల కనెక్షన్లు, ఒక్కో పంక్తి 150 బైట్లు అనుకుంటే వెయ్యి ఇళ్లకు రోజుకు నాలుగున్నర జీబీ, రెండేళ్లకు మూడు టీబీ పైచిలుకు. కుదించి దాస్తే ఇది బాగా తగ్గుతుంది. కాబట్టి చిక్కు డిస్కు పరిమాణంలో లేదు, వెతకడంలో ఉంది. ఒక అడ్రసు వెనక 32 ఇళ్లున్నప్పుడు, దర్యాప్తు సంస్థ అడిగిన సమయానికీ పోర్టుకూ సరిపోయే పంక్తి దొరకాలి. నాట్ పెట్టె గడియారం రెండు నిమిషాలు తప్పినా, ఒక యంత్రం అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీలోనూ మరొకటి మన సమయంలోనూ రాస్తున్నా, ఐదున్నర గంటల తేడాలో ఒకరి పని ఇంకొకరి తలకు చుట్టుకుంటుంది. ఈ ఒక్క కారణానికే లాగ్ సర్వర్ విడిగా, రోజువారీ ఫైళ్లుగా, బిల్లింగ్ సిబ్బంది చేతికి అందకుండా ఉండాలి.

డీఎన్ఎస్ కోసం రెండు చిన్న వర్చువల్ యంత్రాలు చాలు, కానీ అవి సొంతవై ఉండాలి. వీడియో సంస్థలు చాలాచోట్ల డీఎన్ఎస్ అడిగిన చోటును బట్టే దగ్గరి కాషేను చూపిస్తాయి. ఎక్కడో ఉన్న రిజాల్వర్‌ను (డీఎన్ఎస్ సర్వర్‌ను) ఇళ్లకు అంటగడితే హైదరాబాద్‌లో ఉన్న సినిమా మరో దూరపు ఊరి నుంచి రావచ్చు. రెండు భౌతిక సర్వర్లు తీసుకుని, ఒక్కోదాని మీద ఒక రేడియస్, ఒక డీఎన్ఎస్ వేసి, ఒకటి విజయవాడ పాప్‌లో, రెండోది గుంటూరు పాప్‌లో పెడితే ఈ భాగం పూర్తయినట్టే. డేటాబేస్ రెండోచోటికి అద్దంలా నడుస్తున్నా, పొరపాటున కొట్టేసిన పట్టిక అద్దంలోనూ కొట్టుకుపోతుంది కనుక రాత్రి బ్యాకప్ వేరుగా తీయాలి.

పాప్ ఎక్కడ పెట్టాలన్నది విజయవాడలో 2024 తర్వాత కొత్తగా ఆలోచించవలసిన విషయం. ఆ ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మునిగిన ఇంట్లో ఇంటర్నెట్ ఎలాగూ ఉండదు. కానీ ఆ ఇంటి పక్క భవనం కింది అంతస్తులో పాప్ ఉంటే, మునగని పటమట, బెంజి సర్కిల్ ఇళ్లకూ ఉండదు. పాప్‌కు రెండో అంతస్తు, జనరేటర్‌కూ బ్యాటరీలకూ సెల్లార్ కాని చోటు, అద్దె కాస్త ఎక్కువైనా తప్పనివి. ఓఎల్‌టీ, రౌటర్, స్విచ్, ఒక సర్వర్ కలిపి 500 వాట్లు లాగుతాయనుకుంటే ఆరు గంటలకు మూడు యూనిట్లు కావాలి. 48 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ బ్యాంకు కాగితం మీద 4.8 యూనిట్లు, సగమే వాడుకుంటేనే అది మన్నుతుంది కనుక 2.4. అంటే రెండు బ్యాంకులు కావాలి, లేదా 80 శాతం వాడుకోగల లిథియం ఒకటి. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ దాదాపు సగమవుతుంది. బెజవాడ మే నెలలో రేకుల కింద గదిలో పెట్టిన బ్యాటరీకి కంపెనీ చెప్పే ఏళ్లు వర్తించవు. ఏసీ కూడా జనరేటర్ మీదికి రాకపోతే, యంత్రాలు బ్యాటరీ అయిపోవడానికంటే ముందే వేడికి ఆగిపోతాయి.

మొదటి చందాదారుడికి కనెక్షన్ ఇవ్వకముందే చేయవలసిన పరీక్షలు కొన్నే ఉన్నాయి, కానీ చేత్తో చేయవలసినవి. హైదరాబాద్ వైపు ఫైబర్‌ను పోర్టు నుంచి ఊడదీసి, చెన్నై వైపు రద్దీ మారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో చూడాలి. విజయవాడ రేడియస్‌ను ఆపి గుంటూరు రేడియస్ లాగిన్లు అందుకుంటుందో లేదో చూడాలి. నిన్నటి బ్యాకప్‌ను ఖాళీ యంత్రం మీద తిరిగి నిలబెట్టాలి. చివరగా, వీలైతే మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు, పాప్ మెయిన్ స్విచ్ దించి, జనరేటర్ వేయకుండా, బ్యాటరీ పూర్తిగా దిగిపోయేదాకా పక్కనే కూర్చోవాలి. కాగితం మీది ఆరు గంటలకు బదులు మూడున్నర గంటలకే రాక్‌లో లైట్లు ఆరిపోతే, రెండో బ్యాంకు కొనేదాకా కనెక్షన్లు ఇవ్వకుండా ఆగాలి.